ఈగలు చూపించిన పాదం

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. నేను చదివింది ఏడో తరగతే గానీ జ్ఞాపకానికి లోటు లేదు. నేను కొత్త కోడలిగా ఉన్న ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో ఒక పరిశోధనశాలలో నాకు బొమ్మలు వేసే పని దొరికింది. అక్కడి డాక్టరమ్మ పళ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని సీసాల్లో పెంచేవారు. వాటిలో ఒక రకం విషపు పుట్టగొడుగులు తిన్నా చావదట. ఎందుకు చావదో తేల్చడం ఆవిడ పని, ఆ పుట్టగొడుగుల బొమ్మలు వెయ్యడం నా పని. (మనుషులు తింటే ఏమవుతుందో అందరికీ తెలుసు గనక దానికి పరిశోధన అక్కర్లేదు కాబోలు.) పెంటపాడులో మా వాకిట్లో ముగ్గు చూసి ఆవిడే పిలిచారు. మొదటి బొమ్మ నచ్చితేనే ఉద్యోగం ఖాయం. మా అత్తగారు మాత్రం, "ఈగలు తోలుకోడానికి కూడా జీతమిస్తున్నారా అమ్మా? పది రోజుల్లో వచ్చేస్తావులే, నాట్లకి మనుషులు దొరకట్లేదు" అని దీవించి పంపారు.

గుండుగొలను దగ్గర తోటలో దొరికిన ఒకే ఒక్క తెల్ల పుట్టగొడుగు తెచ్చి నా ముందు పెట్టారు. దాన్ని శుభ్రంగా కడిగి, కాడ అడుగున ఉన్న మట్టి పాదం గిల్లి పారేసి, బొమ్మ ముత్యంలా వేశాను. డాక్టరమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి కిందా మీదా తిప్పి చూశారు. మురిసిపోతున్నారనుకున్నాను.

"దీని పాదమేదమ్మా?"

"మట్టిగా ఉందండి. గిల్లేశానండి."

"ఆ పాదానికుండే సంచిలాంటి తొడుగు చూసేనమ్మా ఇది విషపుదని పోల్చేది! ఈ బొమ్మ చూసినవాళ్లు కూర వండుకుంటారు."

"కాడ గిల్లకుండా కూరెలా వండుతారండీ?" అన్నాను. (ఆ తెలివికి విడిగా జీతమివ్వాల్సింది.)

"సాయంత్రంలోపు ఆ పాదం దొరక్కపోతే రేపట్నుంచి రాకమ్మా."

చెత్తబుట్టలు నాలుగు, వాటి నిండా ఈగలకి మేపిన అరటిపళ్ల తొక్కలు. మూడు బుట్టలు తిరగేశాను. నాలుగోదాంట్లో, సీసాల్లోంచి తప్పించుకున్న, ఆ విషానికి చావని రకం ఈగలు నాలుగైదు, మగ్గిన తొక్కలన్నీ వదిలేసి ఒక మట్టిముద్ద మీద కొలువుదీరి ఉన్నాయి. అదే నా పాదం! నేను ఏడు చదివితే అవి పీహెచ్‌డీ దాకా చదివాయి మరి. ఈసారి కడగలేదు, మట్టితో సహా వేశాను. ఉద్యోగం నిలిచింది. "ఈగలు తోలకపోబట్టే నిలిచిందండీ" అని అత్తగారికి చెప్పాను. ఆ పూటంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. సుఖంగా గడిచింది.

ఇప్పటికీ తోటకూర కాడలు తుంచుతుంటే నా వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. మట్టి కనబడితే చాలు కడిగిపారేసిన ఆ కొత్త కోడలు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. సరే, మీ పొయ్యి ఏ పూటా ఖాళీగా ఉండకూడదు, మీ ఇంటిల్లిపాదీ కడుపునిండా తిని చల్లగా ఉండాలి. మీ కూర మీద ఈగ వాలకూడదు. వాలినా, అది చదువుకోని ఈగై ఉండాలి.