దొరగారికి దోసెడు నీళ్లు

మా చరిత్ర సార్ పోయారు. కబురు చెప్పింది ఛత్రినాకలో ఆయన రోజూ చాయ్ తాగే హోటల్ భాయ్. నేను గుమాస్తాగా ఉన్న ఉస్మాన్‌గంజ్ పప్పుల దుకాణంలో అప్పుడే లారీ సరుకు దింపిస్తున్నాను. హమాలీల అరుపుల మధ్య ఫోన్‌లో భాయ్ గొంతు సరిగా వినపడలేదు. "సార్ నహీ రహే భాయ్. పొద్దుగాల చాయ్‌కి రాలే. పోయి చూస్తే పండుకున్నట్టే ఉన్నడు," అన్నాడు.

నేను శ్మశానానికి చేరేసరికి చితి సగం కాలిపోయింది. సార్ అద్దెకున్న ఇంటి ఓనరే కొరివి పెట్టాడు, పెట్టడానికి ఇంకెవరూ లేరు గనక. పాపం, చెడ్డవాడు కాదు. కానీ సాయంత్రానికల్లా గదికి సున్నం వేయించే మాట ఎత్తాడు. సార్ పుస్తకాలు వారం తిరక్కుండా పాత కాగితాలు కొనే రద్దీవాడి తక్కెట్లోకి వెళ్లాయి. రెండు నేను తెచ్చుకున్నాను. మా ఇంట్లో అవి చదివేవాళ్లు లేరు, అయినా తెచ్చుకున్నాను.

ఆయన గురించి మీకు చెప్పాలంటే ముందు ఒక ఇంగ్లీషు దొర గురించి చెప్పాలి. వేరే దారి లేదు.

తొంభైల మొదట్లో పాతబస్తీలోని ఒక డిగ్రీ కాలేజీలో సార్ మాకు ఇంగ్లండు చరిత్ర చెప్పేవారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. కర్ఫ్యూ లేని రోజుల్లో క్లాసు ఉండేది. ఉన్నా సగం బెంచీలు ఖాళీ. మా పాఠ్యపుస్తకంలో ఆ దొరకు దక్కింది ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం దగ్గరకు రాగానే సార్ పుస్తకం మూసేసేవారు. పెద్ద వంశం, ప్రభువుల సభలో కుర్చీ, మంత్రి పదవి, అన్నీ ఉన్న మనిషి ఆ దొర. మన దేశం మొహం ఎన్నడూ చూడలేదు. అయినా ఇక్కడ కరువు వచ్చిన ఏడు, తిండి లేనివాళ్ల దగ్గర శిస్తు వసూలు చేయొద్దని సభలో లేచి మాట్లాడాడు. సొంత పార్టీవాళ్లే నవ్వారు. పదవి వదిలేశాడు. శిస్తు మాత్రం పైసాతో సహా వసూలైంది.

"మరి ఏం లాభమైంది సార్?" అని వెనక బెంచీవాడు అడిగాడు.

"ఏమీ అవ్వలేదురా. గెలిచినవాళ్ల గురించి వాళ్లే రాసుకుంటారు. ఇలాంటివాడి గురించి మనం కాకపోతే ఎవడు చెప్తాడు?" అన్నారు సార్.

ఆ దొర ఇంటి సంగతులన్నీ ఆయనకు కంఠతా వచ్చు. పెళ్లాం ఎప్పుడూ మంచం పట్టి ఉండేదని, కూతురు కాన్పులో పోయిందని, ఒక్కగానొక్క కొడుకు చిన్నప్పుడే జ్వరంతో పోయాడని, దొరతోనే బిరుదూ వంశమూ ఆరిపోయాయని, కోట లాంటి ఇల్లు ఎవరో కొనుక్కున్నారని చెప్పేవారు. పక్కింటి మనుషుల గురించి చెప్పినట్టే "మన దొరగారు" అనేవారు. ఆదివారాలు కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి, ఆ పేరు కనపడితే చాలు, కొనేవారు. చాయ్ హోటల్ భాయ్ రోజూ గల్లా దగ్గర నుంచే అడిగేవాడు: "క్యా సార్, ఆప్ కే లార్డ్ సాబ్ ఖైరియత్ సే?" "క్షేమమే భాయ్, అంతా ఖైరియతే. చాయ్‌లో చక్కెర తగ్గించు," అనేవారు ఈయన. గల్లీ అంతా నవ్వేది. మా నాన్న అయితే, "గా ఇంగ్లీషోడు ఏమన్న మేనమామ అయితడా మీ సార్‌కు?" అని నన్ను ఎగతాళి చేసేవాడు.

ఆ నవ్వులన్నీ ఒక ఎండాకాలంలో ఆగిపోయాయి. ఇంటర్ చదివే సార్ కొడుకు కామెర్లతో పోయాడు. ఒక్కడే కొడుకు. ఏడాది దాటాక సార్ భార్య కూడా పోయారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి దుకాణంలో చేరాను. సార్ మళ్లీ కాలేజీకి వెళ్లిన రోజు దొర కొడుకు సంగతి దగ్గరకు రాగానే చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటకు నడిచారని జూనియర్ ఎవరో చెప్పాడు.

ఆ ఏడు పెత్రమాసకు నన్ను తోడు రమ్మన్నారు. మహాలయ అమావాస్యను మా దగ్గర అట్లా అంటాం. గుడి వెనక బోరింగు దగ్గర పంతులు వరసగా అందరి చేతా పెద్దలకు నువ్వులు నీళ్లు వదిలిస్తున్నాడు. సార్ తల్లిదండ్రులకు, భార్యకు, కొడుక్కు కూడా వదిలారు. లేస్తారనుకున్నాను. లేవలేదు. "ఇంకొకరున్నారు పంతులుగారూ. వెనక ఎవరూ లేనివాళ్లకు కూడా వదలొచ్చు కదా?" అన్నారు.

"ఒదలొచ్చు సార్. పేరు?"

సార్ దొర పేరు చెప్పారు. పంతులు రెండుసార్లు నోరు తిప్పి చూసుకున్నాడు. "గోత్రం?"

"తెలీదు."

"తెల్వకుంటె కాశ్యపమే. గని కులమేంది సార్? పేరు చివర్ల శర్మ అనాల్నా, వర్మ అనాల్నా?"

సార్ నిజంగానే ఆలోచించారు. "రాజ్యం ఏలినవాళ్లే కదండీ. వర్మ అనండి," అన్నారు.

అట్లా ఒక ఇంగ్లీషు దొర మా బోరింగు దగ్గర కాశ్యప గోత్రపు వర్మ అయి కూర్చున్నాడు. నాకు నవ్వు రావాలి. సార్ దోసిట్లోంచి నీళ్లు జారుతుంటే ఆయన మొహం చూశాను, రాలేదు. దారిలో నేనేమీ అడగకుండానే, "ఎవరూ లేనివాళ్లకి ఎవరూ లేనివాళ్లే చుట్టాలురా," అన్నారు.

అప్పటినుంచి ఏటా అంతే. సార్ రిటైరయ్యారు, పళ్లు ఊడాయి, మోకాళ్లు పట్టేశాయి. పెత్రమాస మాత్రం తప్పలేదు. దొర మీద రాస్తానన్న పుస్తకం రాయలేదు. "ఎవరు చదువుతార్రా?" అనేవారు.

ఆఖరిసారి నేను వెళ్లినప్పుడు మంచం మీదే ఉన్నారు. హోటల్ నుంచి ఫ్లాస్కులో చాయ్ వచ్చింది. రెండు గుక్కలు తాగి, "నేను పోతే దొరగారికి ఎవరూ ఉండరురా," అన్నారు. తనకు ఎవరూ ఉండరని అనలేదు. నా చెయ్యి పట్టుకుని, "పెత్రమాసనాడు నువ్వు గనక..." అని ఆగారు. "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"గట్లనే ఉన్నడు సార్. మంచంల. మనిషిని గుర్తువడ్తలేడు."

"అయితే వద్దులే. ఆయన ఉండాలి." చెయ్యి వదిలేశారు. నాకు అర్థం కాలేదు.

మొన్న పెత్రమాసకు అర్థమైంది. సార్ పేరు, దొర పేరు బట్టీ పట్టి బోరింగు దగ్గరికి వెళ్లి వరసలో కూర్చున్నాను. పంతులు ముసలివాడైపోయాడు, నన్ను గుర్తు పట్టాడు. దర్భ చేతికిస్తూ ఆగాడు.

"మీ నాయిన?"

"ఉన్నడు పంతులూ."

దర్భ వెనక్కి తీసుకున్నాడు. "తండ్రి ఉన్నోడు నువ్వులు ముట్టొద్దు బిడ్డా. ఎవ్వలకూ నీళ్లు ఇడువొద్దు."

"మీరే ఇడువుండ్రి గదా. సార్ మీకు తెల్వనోడా?"

"మంత్రం నేను చెప్త. నీళ్లు ఇడిచే చెయ్యి వేరే గావాలె. ఉన్నదా?"

లేదు. ఎవరున్నారు? పోయి సార్ ఇంటి ఓనర్‌ను అడిగితే తలుపు దగ్గరే నవ్వి పంపించాడు. తిరిగి వచ్చాక పంతులు నా భుజం మీద చెయ్యి వేసి, "గా దినం తొందరగ రావొద్దనే మొక్కు," అన్నాడు. ఆ దినమంటే మా నాన్న పోయే దినం. అది వస్తే తప్ప మా సార్‌కు గుక్కెడు నీళ్లు లేవు. నాన్న బతకాలి. నాన్న బతికున్నన్నాళ్లూ అక్కడ సారూ దొరా దాహంతో ఉండాలి. ఇట్లాంటి లెక్క ఎవరి నెత్తిన రాసి పెట్టి ఉంటుందో నాకు తెలియదు. దేవుడి మీద కోపం వచ్చింది, ఆ దొర మీద కూడా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి గల్లీలో ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పూలు పేరుస్తున్నారు. నాన్న మంచం మీద నోరు తెరుచుకుని ఉన్నాడు. గ్లాసు, చెంచా తీసుకుని పక్కన కూర్చున్నాను.

"తాగు నాయినా," అన్నాను.

చెంచాడు పోస్తే సగం లోపలికి పోయింది. మిగతా సగం పెదవి మూల నుంచి జారుతుంటే పక్క తడవకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ఇంకో చెంచా, ఇంకొకటి. పుడిసిలి నిండుతోంది. ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.