గడప ఎత్తనివ్వని బొంగరం

మా కోడలికి ఒకే ఒక్క రోగం. మనిషి కనబడితే చాలు, "ఏదీ, మీ ఫోను ఒక్కసారి ఇవ్వండి" అంటుంది. వచ్చినవాళ్ళు చెప్పులు విడవాలి, మంచినీళ్ళు తాగాలి అన్న ధ్యాసే ఉండదు. ఆ ఫోను పట్టుకుని గదంతా తిరుగుతూ ఏవేవో నొక్కి, లోపల సిస్టమ్ ఏ వెర్షనో చూసి తిరిగిచ్చేస్తుంది. కూర్చుని చూడదు. కూర్చోవడం దాని జాతకంలో రాయలేదు. అందుకే బొంగరం అని పేరు పెట్టాను. ఇప్పుడు దాని కన్నతల్లి కూడా అలాగే పిలుస్తోంది.

పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చెయ్యి నోట్లో ఉండగానే సైగలతో ఫోను అడిగింది. పాపం ఆయన నొప్పనుకుని ఇంకో మత్తుసూది పొడిచాడు. మూతి సగం మొద్దుబారింది. మిగిలిన సగంతో మళ్ళీ అడిగింది.

ఇంకోసారి రోడ్డు మీద పోలీసు బండి ఆపి కాగితాలు చూపించమన్నాడు. "చూపిస్తాను, ముందు మీ ఫోను చూపించండి" అంది. అతను బిత్తరపోయి ఇచ్చేశాడు. చూసి, "చాలా పాతది, సంతోషం" అని మెచ్చుకుంది. జరిమానా రాశాడు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, మరి దేనికి రాశాడో మీరే ఊహించుకోండి.

దానికి కొత్త ఫోను కనబడితే ముఖం వాడిపోతుంది. మా అబ్బాయి పైఅధికారి భార్య, కొత్తగా కొన్న ఫోను మెరిపించుకుంటూ మా ఇంటికొచ్చింది. బొంగరం చూసి, "అయ్యో, కొత్తదేనా" అని పరామర్శకి వచ్చినదానిలా తిరిగిచ్చింది. అదే అద్దం పగిలి రబ్బరుబ్యాండు చుట్టిన ఫోనైతే రెండు చేతులా అందుకుంటుంది. ఆ ఫోను గలవాళ్ళకి తనే టీ కాచి ఇస్తుంది. ఆ టీ తాగినవాళ్ళు రెండోసారి రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మా మేడ మెట్లు కడిగే ఆవిడ ఫోను సరిగ్గా అలాంటిదే. అందరం మెట్లావిడ అంటాం. ఆవిడ ఒక క్లీనింగ్ కంపెనీ మనిషి. ఏ రోజు ఏ మేడకి వెళ్ళాలో, అక్కడికి దారేదో, పొద్దున్నే ఫోనులో యాప్ చెబుతుంది. ఆ యాప్ చేసింది మా బొంగరం ఆఫీసువాళ్ళే.

ఒక సాయంత్రం బొంగరం ఇంటికొస్తూనే తిరగడం మొదలెట్టింది. కిటికీ నుంచి పొయ్యి, పొయ్యి నుంచి కిటికీ.

"ఏమైందే? నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఒకచోట నిలబడి చెప్పు."

"నిలబడితే మాట రాదత్తయ్యా."

"అయితే తిరుగుతూనే ఏడు."

అప్పుడు చెప్పింది. యాప్‌లో అంతా వీళ్ళే చెయ్యరట. దారి చూపించే మ్యాప్ లాంటివి, బయటివాళ్ళు చేసిన ముక్కలు తెచ్చి అతికిస్తారట. ఒక్కో ముక్కా "ఫోనులో కనీసం ఈ వెర్షన్ ఉంటేనే పనిచేస్తా" అని షరతు పెడుతుందట. ఇప్పుడా మ్యాపువాళ్ళు పాత ముక్క ఆపేసి, కొత్తది పంపి, షరతు పెంచారు.

నేను బడికెళ్ళింది పలక పగిలేదాకానే. అయినా ఇదేం బ్రహ్మవిద్యా?

"అంటే చుట్టమొకడు వచ్చి, గడప ఇంత ఎత్తుంటేనే మీ ఇంట అడుగుపెడతా అన్నాడు. వాడికోసం గడప ఎత్తితే ముసలీముతకా దాటలేరు. అంతేగా?"

బొంగరం టక్కున ఆగింది. "అంతే అత్తయ్యా. సోమవారం నుంచి పాత యాప్ ఆపేస్తారు. కొత్తది మెట్లావిడ ఫోనులో ఎక్కదు. ఎక్కడికెళ్ళాలో తెలియదు. ఆవిడ పని ఇంకొకరికి పోతుంది."

"కొత్త ఫోను కొనిచ్చెయ్."

"ఎంతమందికి? ఎవరి ఫోను ఎలాంటిదో ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాగా. మా మేనేజరేమో అంత పాతవి ఇప్పుడెవరు వాడతారు అంటాడు. ఆయన ఎప్పుడూ ఎవరి ఫోనూ అడిగి చూడలేదు."

అదన్నమాట సంగతి. నలుగురి ఫోన్లూ లాక్కుని చూసేది గుమ్మం బయట ఎవరు మిగిలిపోతారోనని. పిచ్చి కూడా కొంత ఉంది, కాదనను.

"అయితే ఆ చుట్టాన్నే రావద్దను" అన్నాను.

"మ్యాప్ లేకపోతే దారి ఎలా తెలుస్తుంది?"

"మ్యాపులు రాకముందు జనం ఇళ్ళలోనే కూర్చున్నారా? నోటితో చెప్పు."

అనకుండా ఉండాల్సింది. మర్నాడు పొద్దున్నే నన్ను లాక్కెళ్ళింది. ఆ కంపెనీ కడిగే మేడలన్నీ మా చుట్టుపక్కలే. ఒక్కోదానికీ నడిపించి, దారి నాచేత చెప్పించి ఫోనులో పట్టింది. ముందు దాని పరుగు, వెనక నా ఆయాసం.

"మందులషాపు పక్క సందులో దూరు. కుడికి తిరిగావా, గోడకి గుద్దుకుంటావు. ఎర్రగేటు కుక్క మొరుగుతుంది. పట్టించుకోకు, దానికి వేరే పని లేదు."

"అత్తయ్యా, కొంచెం మర్యాదగా."

"దారి తప్పాక మర్యాదతో ఏం చేసుకుంటారు?"

మ్యాప్ ముక్క పీకేసి, ఆ చోట నా గొంతు పెట్టింది. గడప ఉన్నచోటే ఉంది. మేనేజరు విని, "ఈ పెద్దావిడ ఎవరండీ, తిడుతున్నారు?" అన్నాడట.

"సోమవారం ఒక్కరోజు చూడండి. ఎవరైనా దారి తప్పితే మీ మ్యాపే పెట్టేద్దాం" అని బొంగరం ఆయన కుర్చీ చుట్టూ తిరుగుతూ చెప్పిందట. దాని వెంట తల తిప్పీ తిప్పీ మెడ పట్టేసి, సరే అన్నాడట.

సోమవారం మెట్లావిడకీ, ఆవిడ తోటివాళ్ళందరికీ కలిపి ఎన్నడూ చూడని పెద్ద మేడ ఒకటి పడింది. బొంగరం ఆఫీసుకి సెలవు పెట్టి మా గుమ్మంలో కాపలా. నాకేం బెంగ లేదు కానీ ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చాను. మధ్యాహ్నానికి మెట్లావిడ వచ్చి, మెట్టు మీద కూలబడింది.

"పెద్దమ్మా, ఫోనులో అరిచేది నువ్వేనా?"

"నేనే. తెలిసిందా దారి?"

"తెలియకేం? కానీ నీ మాటల వెనకాల ఎవరో పరిగెడుతున్న చప్పుడు. అది వింటూ నాకు తెలియకుండానే నేనూ పరిగెత్తాను. తీరా చేరి చూస్తే మావాళ్ళందరూ అక్కడ రొప్పుతున్నారు. మేడ తాళాలు ఇంకా తియ్యనే లేదు."

"ఒక్కరు కూడా తప్పిపోలేదా?" అంది బొంగరం.

"తప్పిపోవడానికి తీరికేదమ్మా?" అంది మెట్లావిడ.