ఆకు వెనక తుప్పు

అమీర్‌పేటలో మెట్రో రైలు తిరగడం మొదలైన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను మా కాలేజీ లైబ్రరీ నుంచి వృక్షశాస్త్ర విభాగపు హెర్బేరియానికి మార్చారు. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అమర్చి బీరువాల్లో దాచే గది. నా హోదా అటెండర్. చదువు నాలుగో తరగతి. ఈ రెండో మాటను తర్వాత నా మీద చాలాసార్లు ప్రయోగించారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

కోసి తెచ్చిన కొమ్మను పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కలతో బిగించాలి. తడి పీల్చిన పేపర్లను రోజూ మార్చాలి. నేను వాటిని మేడ మీద ఆరేసి మళ్లీ వాడేదాన్ని. ఉన్నన్నాళ్లూ కొత్త కట్ట కావాలని ఆఫీసును అడగలేదు. ఆరిన కొమ్మను అట్ట మీద నిలిపి, మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, తెచ్చినవారి పేరు రాసిన చీటీ అతికిస్తే అది షీట్ అవుతుంది.

మా దగ్గర పరిశోధన చేస్తున్న స్వర్ణ సిరిసిల్ల నేత కుటుంబం పిల్ల, కృష్ణానగర్‌లో గది తీసుకుని ఉండేది. ఆమె విషయం అడవి మొక్కల ఆకులకు వచ్చే తుప్పు తెగులు. ఇది ఇనుముకు పట్టే తుప్పు కాదు, బూజు జాతిది. బతికున్న ఆకును తిని బతుకుతుంది. పంజాగుట్టలో ఒక ఖాళీ ప్లాటు నిండా తుత్తురు బెండ మొలిచేది. పసుపు పూలు, చక్రాల్లాంటి కాయలు. పైనుంచి చూస్తే ఆకు మీద నాలుగు పసుపు మచ్చలు, అంతే. తిప్పి చూస్తే వెనక ఆవగింజలో సగమంత గోధుమరంగు బొడిపెలు గుంపులు గుంపులుగా ఉంటాయి. అదే తుప్పు. అందుకే ఇలాంటి ఆకును వెనక వైపు పైకి వచ్చేలా పెట్టాలి, జిగురు తగలనివ్వకుండా కాడ దగ్గర దారంతో ఒక్క కుట్టు వేయాలి. రెండు వానాకాలాలు ఆ ప్లాటులో తిరిగి ముప్ఫై ఆరు షీట్లు చేశాం.

అంతలో తనిఖీ బృందం వస్తుందన్నారు. విభాగానికి కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి మేడం బీరువా తెరిపించి షీట్లు చూశారు.

"ఏంటమ్మా ఇది, ఆకులన్నీ బోర్లా పడుకున్నాయి? వచ్చినవాళ్లకి పచ్చగా కనబడొద్దా?"

"రోగం వెనకనే ఉంటది మేడం. తిప్పితే ఇంకేం కనబడది."

"నాలుగో తరగతి చదివి నాకు పాఠం చెబుతున్నావా? తిప్పి, బాగా జిగురు పెట్టి అతికించు."

నేను చేయనన్నాను. స్వర్ణ వచ్చాక మాట్లాడమన్నాను. ఆమె ఊరికి పోయి ఉంది. ఆ ఆదివారం మేడం బయటి నుంచి ఇద్దరు పనివాళ్లను పిలిపించి, ముప్ఫై ఆరు షీట్లూ తిప్పి అతికించేశారు. సోమవారం బీరువా తీస్తే ఆకులన్నీ అట్టకు కరుచుకుని ఉన్నాయి. ఒక డబ్బా జిగురు ఖాళీ. అంత జిగురుతో నేను రెండేళ్లు నెట్టుకొచ్చేదాన్ని.

స్వర్ణ ఒక ఆకును గోటితో లేపబోతే పొడి అయింది. "మా ఇంట్ల చీరకు సుత గింత గంజి పెట్టరు పెద్దమ్మా," అని కూర్చుండిపోయింది. ఆ షీట్లు లేకపోతే ఆమె రాసినదానికి రుజువు లేదు. రుజువు లేకపోతే పట్టా లేదు.

తనిఖీకి వచ్చిన పెద్దాయన భూతద్దం పట్టుకుని మూడు షీట్లు చూశారు. "చీటీ మీద తుప్పు తెగులని రాశారు. తుప్పేది?"

మేడం తడుముకోలేదు. "మా అటెండర్‌కి చదువు లేదు సార్. తెలియక అతికించేసింది."

గుమ్మం దగ్గర టీ పళ్లెంతో ఉన్నాను. పళ్లెం బల్ల మీద పెట్టాను.

"నేను అతికియ్యలే సార్. అతికియ్యొద్దన్న. ఆదివారం నేను చర్చిల ఉన్న, గదిల లేను."

"మరి నువ్వైతే ఎట్ల పెడతవమ్మా?" అని ఆయన అడిగారు.

"వెనక దిక్కు పైకి సార్. కాడకు ఒక్క కుట్టు. జిగురు చీటీకే."

ఆయన ఒక ఆకును వేడినీళ్లతో తడిపించి లేపి చూశారు. ఆకు లేచింది, బొడిపెలు మాత్రం జిగురుతో పాటు అట్టకే ఉండిపోయాయి. ఆయన ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

వారానికి నాకు మెమో వచ్చింది. మెమో అంటే, తప్పు చేశావు, సంజాయిషీ రాసివ్వు అనే కాగితం. క్షమాపణ కూడా వాళ్లే టైపు చేసి ఉంచారు; కింద నా సంతకం పడితే చాలట. సంతకం పెట్టలేదు. నాలుగో తరగతి అక్షరాలతోనే ఒక పేజీ రాసి ప్రిన్సిపాల్ గారికిచ్చాను. ఆదివారం గది తాళం ఎవరు తీసుకున్నారో వాచ్‌మన్ రిజిస్టరు చూడమని అందులో రాశాను. చూశారు. మేడం సంతకమే ఉంది.

"సరేలే ఎస్తేరమ్మా, మెమో సంగతి మర్చిపో," అన్నారాయన.

"కాగితం మీద ఇచ్చిండ్రు, కాగితం మీదనే వాపస్ తీసుకోండ్రి సార్," అన్నాను. పన్నెండు రోజులు రోజూ ఆయన గది ముందు నిలబడితే గాని రద్దు చేస్తున్నట్టు కాగితం రాలేదు. మేడంకు మాత్రం ఏ మెమో లేదు. తొందరపాటు అన్నారు. నేను చేసుంటే అజ్ఞానం, ఆమె చేస్తే తొందరపాటు! ఇప్పటికీ ఆ మాట నాకు మింగుడు పడదు.

పంజాగుట్ట ప్లాటులో అప్పటికే పునాదులు తవ్వారు. స్వర్ణ వేరే చోట్లు వెతికి, ఇంకో వానాకాలం తిరిగి, ఏడాది ఆలస్యంగా పట్టా తీసుకుంది. ఆ ఏడాదికి ఎవరూ సంజాయిషీ రాయలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. నోటితో చెప్పిన పని చెడిపోతే అది చెప్పినవాళ్లది కాకుండా పోతుంది, కింద ఉన్నవాళ్లదవుతుంది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా బీరువా పక్కన ఒక రూళ్ల పుస్తకం పెట్టాను. షీట్ల మీద చేయి వేయాలంటే ఏం చేయాలో అందులో రాసి సంతకం పెట్టాలి. సంతకం పెట్టనన్నవాళ్ల పని నేను చేయలేదు.