రెండు బద్దలు

మా మేనత్త కూతురు జీడిపప్పును వేళ్ల మధ్య తిప్పి చూసే తీరు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పలాసలో వాళ్ల జీడిపిక్కల కార్ఖానాలో విడిపోని గుండు పప్పునూ రెండుగా విడిపోయిన బద్దనూ వేరుచేస్తూ పెరిగిన మనిషి. ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్లం.

ఇద్దరం ఒకే గురువు దగ్గర భౌతికశాస్త్ర పరిశోధనకు చేరాం. మ్యూయాన్ అనే కణం ఒక ఎలక్ట్రాన్‌గా, ఒక వెలుగు కణంగా మాత్రమే విడిపోతుందేమో వెతకడం మా పని. మామూలు సిద్ధాంతం ప్రకారం అది జరగదనే చెప్పాలి. ప్రతి కణానికీ కనిపించని జోడీ ఉందనే సూపర్ సిమెట్రీ నిజమైతే, ఎప్పుడో ఒకసారి జరగవచ్చు.

ఒకరోజు కంప్యూటర్‌లో అలాంటిదొకటి నాకు దొరికింది. ఇక నా పేరు మోగిపోతుందనుకున్నాను. వదిన తెర ముందు కూర్చుని, పప్పు తిప్పినట్టే ఉత్త వేళ్లు తిప్పింది.

"ఇది గుండు కాదు వదినా. రెండు బద్దలు పక్కపక్కన పడి గుండులా అగుపిత్తన్నాయి. ఎలక్ట్రాన్ ఒక మ్యూయాన్‌ది, ఎలుగు ఇంకోదాన్ది. టైము సూడు, తేడా ఉంది."

తేడా ఉంది. నేను పరిశోధన వదిలేసి టెక్కలిలో లెక్చరర్‌నయ్యాను. ఆమె వెతుకుతూనే ఉంది.

పోయిన వేసవిలో ఉద్దానంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర కలిసింది. "ఇన్నేళ్లయింది, ఒక్కటైనా దొరికిందేటి?" అని నలుగురూ వినేలా అడిగాను.

"నేదు వదినా, ఒక్కటీ నేదు. కోట్లలో ఏరినా నేదని ఇప్పుడు గట్టిగా సెప్పగలం," అంటూ పులిహోరలోంచి ఒక జీడిపప్పు తీసి, తిప్పి చూసి, నోట్లో వేసుకుంది.

ఆ మాటకు నాకు లోపల సంతోషం పొంగింది. తీరా చూస్తే, ఆమె ముఖంలో నాకన్నా ఎక్కువ సంతోషం ఉంది.