ఏడాదికి ఒక్క ఆట చాలదన్న మేస్త్రి

చర్చిలో శుక్రవారం ప్రార్థన ముగించుకుని బయటికి రాగానే తమ్ముడి ఫోను వచ్చింది. సెలవు మీద జగిత్యాల దగ్గర తన ఊరికి వెళ్లిన మేస్త్రి అన్న గుండెపోటుతో అక్కడే పోయారట. నేను మళ్లీ లోపలికి వెళ్లి చివరి బెంచీ మీద కూర్చున్నాను. వచ్చే నెల ఆయన తిరిగి రాగానే ఈ సీజనులో ఏ ఆట ఎప్పుడో రాయాలని అనుకున్నాం.

ఆయన మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో ఇళ్లు కట్టే ఒక కంపెనీలో మేస్త్రి. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తాను. మా తమ్ముడిది రుసైల్‌లో ఫ్యాక్టరీ డ్యూటీ. రెండు చోట్లా మనవాళ్లకు వాలీబాల్ లీగులున్నాయి. ఎవరి లీగులో వాళ్లు ఆడుకుని, చివరికి గెలిచిన రెండు టీములు ఏడాదికి ఒక్కసారి తలపడేవి. ఆ ఒక్క ఆట కోసం ఏడాదంతా కసి పెంచుకునేవాళ్లు. నాలుగేళ్ల కిందట అందులో కొట్లాట జరిగి మా తమ్ముడి మణికట్టు విరిగింది.

తర్వాతి శుక్రవారం నేను తమ్ముడి రూములో ఉండగా, అమెరాత్ లీగు పెద్ద అయిన మేస్త్రి అన్న అరటిపళ్లు పట్టుకుని వచ్చారు. మంచం అంచున కూర్చున్నారు.

"తప్పు మా పోరగాళ్లది. నాది గూడ ఉన్నది. ఏడాదికి ఒక్కపారి మొఖాలు చూసుకుంటే గిట్లనే అయితది. వీళ్లను ఇంకిన్ని సార్లు ఆడిపియ్యాలె."

"ఒక్కసారికే చెయ్యి విరిగిందండి," అన్నాను.

"గందుకే చెల్లె. ఒక్కటే ఆట ఉంటే ఓడినోనికి ఏడాది నిద్ర పట్టది. వచ్చే వారం ఇంకోటుంటే మంచిగ పండుకుంటడు."

తమ్ముడు నవ్వబోయి నొప్పికి మూలిగాడు.

నేను ఇంటర్ దాకా చదివానని తెలిసి, రాసే పని నాకే అప్పగించారు. అమెరాత్‌లో ప్రతి టీమూ ఒక్కో రుసైల్ టీముతో సీజనుకు రెండుసార్లు ఆడాలి. ఒకటి వీళ్ల గ్రౌండులో, ఒకటి వాళ్ల గ్రౌండులో. వ్యాన్లు ఆయనే తిరిగి మాట్లాడేవారు. ఎవరికి ఏ డ్యూటీయో తెలుసుకునే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. "కెప్టెన్లను అడగకు. మెస్సుల వంటాయనను అడుగు. ఎవడు ఎప్పుడు తింటడో ఆయనకే ఎరుక."

మొదటి సీజనులోనే నేను ఆ మాట మరిచాను. రుసైల్ వంటాయనకు ఫోను చేయకుండా ఒక ఆట రాసేశాను. ఆ రోజు ఫ్యాక్టరీలో ఓవర్‌టైం. వ్యానులోంచి నలుగురే దిగారు. ఆడకుండానే గెలిచామని అమెరాత్ వాళ్లు చప్పట్లు కొట్టారు. మేస్త్రి అన్న లేచి తన టీములోని ఇద్దరు మంచి ఆటగాళ్లను అవతలి వైపుకి పంపారు. అమెరాత్ ఓడిపోయింది.

"సొంత ఇల్లు కూలగొట్టుకున్న మేస్త్రివి నువ్వొక్కనివే కాకా," అన్నాడు వాళ్ల కెప్టెన్.

"కూలగొట్టలే బిడ్డా. గోడకు తలుపు పెట్టిన."

నేను సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "వచ్చేపారి వంటాయనకు ఫోన్ కొట్టు చెల్లె," అన్నారు. వచ్చినవాళ్లకు మనుషులు తక్కువైతే ఆ గ్రౌండువాళ్లు ఇవ్వాలన్నది అప్పటినుంచి రూలైపోయింది. మూడు సీజన్లుగా కొట్లాట లేదు. తిట్టుకోవడం ఆగలేదనుకోండి. కాకపోతే ఒకప్పుడు ఊరుమ్మడిగా తిట్టుకునేవాళ్లు, ఇప్పుడు పేరుపేరునా తిట్టుకుంటున్నారు.

ఆయన పోయిన రెండు వారాలకు కెప్టెన్లు అమెరాత్ గ్రౌండులో కూర్చున్నారు. నేనూ వెళ్లాను. ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాక అమెరాత్ కెప్టెన్ అన్నాడు. "ఇగ కాకానే లేడు. వ్యాన్ల కోసం ఎవరు తిరుగుతరు? ముందటి లెక్క ఫైనల్ ఒక్కటే పెట్టుకుందాం."

"మాకూ అదే మేలు," అన్నాడు రుసైల్ కెప్టెన్, కడప అతను. "అంత దూరం యాడ తిరగతాం."

మా తమ్ముడు తల దించుకున్నాడు. చేయి బాగయ్యాక మళ్లీ ఆడుతున్నాడు వాడు. నేను మనసులో ప్రభువును తలుచుకుని లేచాను. నాకు గొంతు పెంచడం రాదు.

"నేను తిరుగుతానండి."

"నీకు సెలవే శుక్రారం ఒక్కటి గదా అక్కా," అన్నాడు అమెరాత్ అతను.

"ప్రార్థన అయ్యాక ఖాళీయే కదండి. మా సంఘంలో వ్యాను నడిపే ఆయన్ని అడిగాను, వస్తానన్నారు. వంటవాళ్లకి వారం మధ్యలో ఫోను చేసుకుంటాను. ఏడాదికి ఒక్క ఆట మాత్రం నా చేత్తో రాయనండి. అది మా వాడి చెయ్యి విరిచిన ఆట. ఈసారి రెండు కాదు, మూడేసి రాస్తాను."

"రెండే ఎక్కువంటుంటే మూడంటవేంది?"

"మూడు చెయ్యాలని ఊరెళ్లేముందు ఆయనే నాతో అన్నారండి."

కడప అతను ఫోను బయటికి తీశాడు. "ఈయమ్మ మెల్లగా మాట్లాడతానే మన నోరు కట్టేస్తాంది. రాసుకో అక్కా, మా కొత్త వంటాయన నంబరు."

మొదటి ఆట మొన్న శుక్రవారం అమెరాత్‌లో జరిగింది. దుమ్ము లేవకూడదని కుర్రాళ్లు గ్రౌండు తడిపారు. ఉత్సాహంలో నీళ్లు ఎక్కువ పోసేశారు. ఆరేదాకా ఆడే వీల్లేదు. ఎండ ఇంకా గట్టిగానే ఉంది, చుట్టుపక్కల చెట్టన్నది లేదు. రుసైల్ నుంచి వచ్చిన వ్యాను నీడ ఒక్కటే ఉంది. ఆ సన్నని నీడలో రెండు టీములూ మోకాళ్లు ముడుచుకుని ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నాయి. నీడ జరిగినప్పుడల్లా పన్నెండు మందీ కలిసి కొంచెం కొంచెం పక్కకి జరుగుతున్నారు.