బల్గేరియా బొమ్మకు బొట్టు

దెయ్యాలను నేను నమ్మను. బరంపురం లైబ్రరీలో ముప్పై ఏళ్లుగా చదివిన పుస్తకాలు నాకు నేర్పింది ఒకటే: కంటికి కనిపించినదాన్ని కూడా ఒకసారి అనుమానించాలి.

సోఫియాలో చదువుకొచ్చిన డాక్టరుగారొకరు, తాను సేకరించిన ఆధునిక బల్గేరియా చిత్రాలను అస్కా దగ్గర ఒక చిన్న ఊరి మ్యూజియానికి ఇచ్చారు. ఆ దేశపు చిత్రకళ గురించి నాలుగు ముక్కలు చదివినవాణ్ణి నేనేనని, వాటికి పేరు చీటీలు రాసే పని నాకు అప్పగించారు. బరంపురంలో మేముండే లంజిపల్లి నుంచి ప్రతి ఆదివారం బస్సులో వెళ్లేవాణ్ణి.

అందులో ఒకటి ‘వితంతువు’. తలకు నల్లగుడ్డ కట్టుకున్న పల్లెటూరి ముసలామె. వచ్చిన రోజే అన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాను.

మార్గశిరంలో ఒక ఆదివారం చూస్తే ఆమె నుదుట ఎర్రటి బొట్టు.

తాళంచెవి ఒక్కటే. గది ఊడ్చే సిమ్మాచలమ్మ దగ్గర ఉంటుంది. ఆ నెల గురువారాల్లో మా వైపు లక్ష్మీపూజ చేసి పటాలన్నిటికీ బొట్లు పెడతారు. ఇంకెవరు చేస్తారు?

అడిగితే చీపురు పక్కన పెట్టింది. “ఆయమ్మ మొగుడు పోయినామె అని సీటీ సదివి సెప్పింది మీరే గదా బాబూ. నా మొగానికే కుంకం లేదు. ఆయమ్మకేటి ఎడతాను?”

“మరి దానంతటదే వచ్చిందా?”

“నానేటి సెప్పగలను? అన్ని బుక్కులు సదివినోరు, మీరే సూడండి.”

ఆ వెటకారం నాకు గుచ్చుకుంది. మ్యూజియం కార్యదర్శికి ఫిర్యాదు రాసిచ్చాను. ఆమెను పనిలోకి రావద్దన్నారు. ఇద్దరు మనవళ్లను ఆ పనితోనే సాకుతోందని తెలిసీ రాశాను.

మరుసటి ఆదివారం భూతద్దం పెట్టి చూశాను. తడి దూదికి ఎరుపు అంటలేదు. పాత నూనె రంగు సన్నగా బీటలు వారడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుందని చదివాను. నుదుట మొదలైన బీట ఒకటి బొట్టు మధ్యలోంచి సాగి కనుబొమ దాకా దిగింది. పచ్చబడిన వార్నిషు పొర బొట్టు పైన ఉంది, కింద కాదు. అంటే బొట్టు బొమ్మంత పాతది.

నా ఫోటోలో అదే బీట, అదే చోట ఉంది. బొట్టు లేదు.

ఫోనును అనుమానించాను. డాక్టరుగారిని అనుమానించాను. ఆయన ఆ బొమ్మకు ఎప్పుడో తీసిన పాత ఫోటో పంపారు. అందులోనూ లేదు.

సిమ్మాచలమ్మ ఇంటికి వెళ్లి తప్పు నాదేనన్నాను. “ఒస్తాను బాబూ. ఆ గదిలోకి మటుకు మీరే ముందల ఎల్లాల.”

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వమన్నారు కార్యదర్శి. కారణం కూడా రాయాలన్నారు. రెండుసార్లు రాసి కొట్టేశాను. చివరికి ఆ చోటు ఖాళీగా వదిలి సంతకం పెట్టాను. ఈరోజు అడిగినా అక్కడ ఏం రాయాలో నాకు తెలియదు.