శ్రావణం దాకా ఆపిన పోర్షన్

మా అమ్మ అమీనా బీ రేపల్లెలో నలభై ఏళ్ళుగా బొంతలు కుడుతోంది. గురువారం ఇస్తానంటే గురువారమే. జ్వరమొచ్చినా, కరెంటు పోయినా ఆ రోజు దాటదు. "సూది పోతే ఇంకోటి కొనుక్కోవచ్చురా ఆసిఫ్, మాట పోతే ఎక్కడ కొంటావ్?" అంటుంది. చిన్నప్పటి నుంచీ విని విని నాకు విసుగొచ్చింది.

మొన్న వేసవిలో మేం అద్దెకిచ్చే పక్క పోర్షన్ ఖాళీ అయింది. బాపయ్య, విజయ అనే మొగుడూపెళ్ళాలు చూడ్డానికొచ్చారు. నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చి ఇక్కడ అమ్ముతారు. కూతుర్ని ఇక్కడి బడిలోనే వేశారు. వాసనొస్తుందని అప్పటికే ఆరిళ్ళవాళ్ళు కుదరదన్నారట.

"ఆషాఢంలో ఇల్లు మారకూడదంటారు పెద్దమ్మా. శ్రావణం రాగానే పాలు పొంగించుకుంటాం. అందాకా ఆపుతారా?" అంది విజయ. అడ్వాన్సు తీయబోతే అమ్మ వద్దంది.

"మేం మాత్రం చేపలు తినమా? నా మాట చాలు. ఇల్లు నీదే, వెళ్ళిరా."

నాకు ఒళ్ళు మండింది. మనకు లేని ఆషాఢం కోసం ఇల్లు ఖాళీగా పెట్టడమేంటని సణిగాను. అమ్మ విననే లేదు.

శ్రావణం ఇంకా పది రోజులుందనగా అమ్మ కంటి ఆపరేషన్‌కని తెనాలిలో అక్క సాదియా ఇంటికెళ్ళింది. రెండో రోజే దావీదు గారని ఓ బ్యాంకు ఉద్యోగి, బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చినాయన, ఇల్లు చూసి "రేపే దిగిపోతానండి" అన్నాడు. చేపలవాళ్ళు ఇంకోచోట చూసుకుంటార్లే అనుకున్నాను. అమ్మకి ఫోన్ చేద్దామనిపించింది. చేస్తే వద్దంటుందని చేయలేదు. తాళం ఇచ్చేశాను. దొంగబుద్ధి అంటే అదే.

అమ్మ నల్ల కళ్ళజోడుతో తిరిగొచ్చింది. పక్క వాకిట్లో ఎవరివో చొక్కాలు ఆరేసి ఉన్నాయి. అమ్మకి సంగతి అర్థమైంది. విజయకి కబురు చేద్దామంటే నంబరు కూడా తీసుకోలేదు.

మర్నాడే శ్రావణం. పొద్దున్నే సామాను ఆటో వచ్చి ఆగింది. విజయ చేతిలో పాలగిన్నె. ఉన్న ఇల్లు అప్పటికే ఖాళీ చేసేశారు. నేను ఏదో సాకు చెప్పబోతే అమ్మ నన్ను దాటుకుని ముందుకెళ్ళింది.

"నేనే ఇచ్చేశానమ్మా. ఆశపడ్డాను. ఇల్లు దొరికేదాకా మా ముందుగదిలో ఉండండి."

విజయ మా అమ్మ మొహంలోకి చూసింది. "మీరు కూడానా పెద్దమ్మా" అని ఆటో ఎక్కేసింది.

ఇరుకు సందులో ఆ ఆటో వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. ఇచ్చింది నేనని చెప్పడానికి ఆ టైము చాలు. నేను చెప్పలేదు.